మీకెలాంటి సంగీతం ఇష్టం?

పాలకొల్లులో మా అమ్మని అందరూ సంగీతం టీచరుగారు అంటారు. సాయంత్రం పూట ముందుగదిలో చాపలు పరిచి పిల్లలకు పాఠాలు చెబుతుంది. నాన్న పోయాక మా ఇల్లు నడిచింది ఆ పాఠాల మీదే. కొత్తగా ఎవరైనా తల్లిదండ్రులు పిల్లని చేర్పిద్దామని వస్తే అమ్మ తన గురించి ఏమీ చెప్పుకునేది కాదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నన్ను పిలిచి, "ఏదీ, ఒక కీర్తన అందుకోమ్మా" అనేది. నేను పాడేదాన్ని. వాళ్ళు తలలూపేవారు. ఆ వారంలోనే పిల్లని పంపేవారు. బళ్ళో చదివేటప్పుడు మొదలైన ఈ పని, నేను ఎమ్మెస్సీ చదివి భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబులో చేరాక కూడా ఆగలేదు.

నాకు సంగీతం ఇష్టం లేదు. గొంతు మంచిదే. శ్రుతి తప్పను. కానీ పాడుతున్నంతసేపూ ఎవరో వీపు మీద చెయ్యి ఆన్చి కదలకుండా కూర్చోబెట్టినట్టు ఉండేది. చిన్నప్పుడు తెల్లారకుండానే లేపి సాధన చేయిస్తున్నందుకే ఇలా ఉందనుకున్నాను. కాలేజీకి వచ్చాక పరీక్షల ఒత్తిడేమో అనుకున్నాను. ల్యాబులో తలుపు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా శాంపిళ్ళు చూసుకుంటూ గడిపిన మధ్యాహ్నాల్లో నాకు తెలిసింది, నాకు హాయిగా ఉండేది ఏ చప్పుడూ లేనప్పుడని. ఆ సంగతి ఎవరికి చెప్పను? టీచరుగారి కూతురికే పాట గిట్టదంటే ఊళ్ళో వాళ్ళు పిల్లల్ని ఎందుకు పంపుతారు? అందుకని దగ్గరి స్నేహితులతో కూడా ఎప్పుడూ అనలేదు.

కంపెనీలో విదేశాల కొనుగోలుదారులతో ఫోన్లో మాట్లాడే విభాగంలో ఒక ఖాళీ వచ్చింది. ఇంగ్లీషు స్పీకింగ్ టెస్టులో మంచి స్కోరు తెచ్చుకుంటే ఆ ఉద్యోగం నాకే ఇస్తామన్నారు మా మేనేజరుగారు. వెంటనే భీమవరంలోనే ఒక కోచింగులో చేరాను. మొదటిరోజే సారు ఇంటి సంగతులు అడిగారు. అమ్మ సంగీతం టీచరని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"మీ అదృష్టమండీ. అభిరుచుల మీద ఒక ప్రశ్న ఎలాగూ వస్తుంది. మిగతావాళ్ళు సినిమా పాటలు ఇష్టమని చెప్పి ఆగిపోతారు. మీరైతే ఎంతసేపైనా చెప్పొచ్చు."

ఆయనే ఒక జవాబు తయారుచేసి ఇచ్చారు. సంగీతం మా ఇంట్లో తరాలుగా వస్తోందనీ, రోజంతా పనిచేసి ఇంటికొచ్చి ఒక పాట పాడుకుంటే అలసటంతా తీరిపోతుందనీ దాని సారాంశం. అది వద్దంటే వేరే ఏం చెప్పాలో నాకు తోచలేదు. బస్సులో వస్తూ పోతూ పెదవులు కదుపుతూ బట్టీ పట్టాను.

ఒకరోజు వంటింట్లో పైకి అప్పజెప్పుకుంటుంటే అమ్మ విని, అర్థం చెప్పమంది. దొండకాయలు తరుగుతోంది. నేను ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్పాను. అలసట తీరిపోతుందన్న దగ్గర అమ్మ కత్తిపీట ముందు అలాగే చెయ్యి ఆపేసి నా వైపు చూసింది.

"ఇదెప్పుడూ చెప్పలేదే నాకు" అంది.

ఆ చూపులో ఉన్న సంతోషం చూశాక, అది సారు రాసిచ్చిన జవాబమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. అంతవరకూ నేను ఊరికే పాడానంతే, ఇష్టమని ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆరోజుతో అదీ అయిపోయింది.

టెస్టు రాజమండ్రిలో. గోదావరి స్నానం చేసి చాలాకాలమైందంటూ అమ్మ కూడా బయల్దేరింది. నన్ను సెంటరు దగ్గర దించి, అదే ఆటోలో పుష్కర ఘాటుకి వెళ్ళింది. సెంటరు ఒక బట్టలకొట్టు పైన ఉంది. ఫోను, వాచీ, ఆఖరికి జడకి పెట్టుకున్న పెద్ద క్లిప్పు కూడా బయటే పెట్టించారు. లోపల ప్లైవుడ్డుతో వరసగా చిన్న చిన్న గదులు కట్టారు. కుర్చీ వెనక్కి జరిపితే తలుపుకి తగులుతుంది. నేను కూర్చోగానే తలుపు వేసేశారు. ఏసీ ఉన్నా చమట పట్టింది.

తెర మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ కనిపించింది. ఇంచుమించు మా అమ్మ వయసుంటుంది. మా ఊరి గురించి, ఉద్యోగం గురించి అడిగింది. తర్వాత, మీకెలాంటి సంగీతం ఇష్టం అని అడిగింది. బట్టీ పట్టింది బట్టీ పట్టినట్టు చెప్పేశాను. నేను ఆపగానే, పక్కగదిలోంచి ఒకతని మాటలు సన్నగా వినిపించాయి. రోజంతా పనిచేసి ఇంటికొచ్చి ఒక పాట వింటే అలసటంతా తీరిపోతుందని అతను తనని ప్రశ్నలడిగేవాళ్ళకి చెబుతున్నాడు. మా సారు దగ్గరే చదువుకుని ఉంటాడు.

తెర మీద ఆవిడకి అది వినిపించిందో లేదో తెలియదు. ఇంకో ప్రశ్న అడిగింది. ఎవరూ వినకుండా, మీకోసం మీరు ఆఖరుసారి ఎప్పుడు పాడుకున్నారు?

అలా పాడుకున్న సందర్భం ఒక్కటైనా ఉందా అని నిజంగానే వెతికాను. స్నానం చేసేటప్పుడు, ఒక్కదాన్నే నడిచేటప్పుడు, ఇంట్లో అమ్మ లేనప్పుడు. ఒక్కటీ దొరకలేదు. మౌనంగా ఉంటే మార్కులు పోతాయని సారు చెప్పింది గుర్తొచ్చి, ఎప్పుడూ పాడుకోలేదని చెప్పేశాను. ఎందుకని అడిగింది ఆవిడ.

"ఐ డోంట్ లైక్ మ్యూజిక్" అన్నాను.

అన్నాక ఇక ఆగలేదు. అమ్మ సంగీతం చెబుతుందనీ, నేను పాడితే విని పిల్లల్ని చేర్పిస్తారనీ, అందుకే పాడతాననీ, నాకు అన్నిటికంటే నచ్చేది నిశ్శబ్దమనీ చెప్పాను. తెలుగులో ఒక్కసారి కూడా అనలేని మాటలు ఇంగ్లీషులో ఇంకెవరి గురించో చెబుతున్నట్టు వచ్చేశాయి. క్రియలు ఒకటి రెండుచోట్ల తప్పాయని నాకే తెలుస్తోంది. ఆవిడ ఏమీ రాసుకోకుండా విన్నది. ఈ సంగతి మీ అమ్మగారికి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. టైము అయిపోయిందని చెప్పి, థాంక్యూ అంది. తెర నల్లబడింది. బయటినుంచి ఎవరో తలుపు తట్టేదాకా నేను హెడ్‌ఫోన్లు తియ్యకుండా అలాగే కూర్చున్నాను.

కింద బట్టలకొట్టు మెట్ల మీద అమ్మ తడిజుట్టు ముడేసుకుని కూర్చుని ఉంది.

"ఏం అడిగారు?"

"సంగీతం గురించే."

"నాకు చెప్పినట్టే చెప్పావా?"

చెప్పానన్నాను. అమ్మ తేలిగ్గా ఊపిరి తీసుకుని, నా చేతిలో అరటిపండు పెట్టింది. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో కిటికీ వైపు తిరిగి నిద్రపోతున్నట్టు నటించాను.

స్కోరు బాగా వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. అమ్మ కనిపించిన వాళ్ళందరికీ సంగీతమే పిల్లని గట్టెక్కించిందని చెప్పింది. ఆ మాట విని కొత్తగా కొందరు పిల్లలు చేరడానికి వచ్చారు. విజయదశమి నాడు అందరినీ ఇంటికి పిలిచి, నాచేత పాడించి, టెస్టులో చెప్పిన ఇంగ్లీషు జవాబు కూడా చెప్పించాలని అమ్మ అనుకుంది. ముందురోజు సాయంత్రం ప్రసాదానికి శనగలు నానబోస్తూ ఆ సంగతి నాతో చెప్పింది. పాటైతే ఇంకోసారి పాడేదాన్నేమో. ఆ జవాబు అంతమంది ముందు చెప్పడం మాత్రం నావల్ల కాదనిపించింది.

"నేను పాడనమ్మా" అన్నాను.

"ఏం, జలుబు చేసిందా?"

"నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. టెస్టులో ప్రశ్నలడిగిన ఆవిడకి కూడా అదే చెప్పాను."

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూస్తున్నాను. "ఆవిడకి చెప్పావా" అంది. అవునన్నాను.

"ఎవరో తెలియనావిడకి."

"తెలియనావిడ కాబట్టే చెప్పగలిగానమ్మా."

అమ్మ లేచి ముందుగదిలోకి వెళ్ళి చాపలు దులిపింది. తిరిగొచ్చి, "పాడొద్దులే. కానీ ఈ మాట పిల్లల తల్లుల దగ్గర అనకు. గొంతు బాలేదని చెబుతాను" అంది.

"ఎన్నాళ్ళు చెబుతావు?"

"అడిగినన్నాళ్ళూ."

అలా నా గొంతు పాడైంది. విజయదశమి నాడు నేను మెడకి చున్నీ చుట్టుకుని, వచ్చినవాళ్ళకి శనగలు పెట్టాను. అమ్మే పాడింది. పిల్లలు చేరారు. ఇన్నేళ్ళుగా నేను పాడకపోతే ఇల్లు గడవదనుకున్నాను. ఆవిడ పాటే చాలని ఆరోజు చూశాను.

వచ్చిన చిక్కల్లా ఊరివాళ్ళతోనే. ఒకావిడ మిరియాల పాలు తాగమంది. ఇంకొకావిడ కరక్కాయ బుగ్గన పెట్టుకోమని ఇంటికి పంపింది. కాకినాడలో మంచి డాక్టరున్నాడని ఒకాయన చీటీ రాసిచ్చాడు. అందరికీ తలూపుతూ, హీనస్వరంతో జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. పాఠాల వేళకి ఇంటికొస్తే ముందుగదిలో వాళ్ళని గుసగుసగా పలకరించి లోపలికి వెళ్ళిపోతాను. ఫోను వస్తే పెరట్లోకి పోతాను. నాకు కావలసిన నిశ్శబ్దం దొరికింది. కానీ సొంత ఇంట్లో గట్టిగా నవ్వడానికి కూడా ఎవరొస్తారోనని వీధి వైపు చూసుకోవాలి.

ఈమధ్య భీమవరం నుంచి వచ్చే బస్సులో ఉండగా కంటైనరు ఆలస్యమైందని కొనుగోలుదారు ఫోను చేశాడు. అవతల సరిగా వినపడక ఇంగ్లీషులో గట్టిగట్టిగా మాట్లాడాను. ఫోను పెట్టేసి చూస్తే ముందు సీటులో అమ్మ శిష్యురాలి తల్లి వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

"గొంతు నయమైందన్నమాట" అంది.

నేను గొంతు తగ్గించి, "ఆఫీసు పనండీ, తప్పదు" అన్నాను. ఆవిడ ముందుకి తిరిగి కూర్చుంది. పాలకొల్లు వచ్చేదాకా మళ్ళీ వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. పాఠానికి పిల్లలు వచ్చే వేళైంది. అమ్మ చాప పరుస్తూ, "రేపు ఆవిడ అడిగితే, మాట్లాడొచ్చుగానీ పాడకూడదన్నారని చెబుతాలే" అంది. ఏ డాక్టరన్నాడని అడిగితే ఏం చెబుతావన్నాను. అప్పటికే గేటు చప్పుడైంది. నన్ను లోపలికి వెళ్ళమని చేత్తో సైగ చేసింది. వెళ్ళి మధ్యగది తలుపు దగ్గరగా వేసుకుని, చప్పుడు కాకుండా అన్నం పెట్టుకున్నాను.