నీలిగీతలో చెలమ

నా చిన్నప్పుడు, మా బడి గోడకు వేలాడే జిల్లా పటం చిరిగిపోతే, అయ్యవారు దాన్ని నాకిచ్చేశారు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు! సోమందేపల్లి, పెనుకొండల మీదుగా పోయే బెంగళూరు రోడ్డు ఎర్రగా, హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలుదారి నల్లగా, గుట్టలు గోధుమరంగులో, ఏర్లు నీలంగా ఉండేవి. మా ఊరు మాత్రం దాంట్లో లేదు. సోమందేపల్లి పక్కన వేలు పెట్టి "మనం ఇదిగో ఈడ" అంటూ ఇంటిల్లిపాది బుర్రలూ తినేదాన్ని.

ఆ ఎండాకాలం మా తాత గొర్రెలను తోలుకొని ముదిగుబ్బ వైపు బయలుదేరాడు. ఏటా అంతే. అక్కడి రైతులు కోతలైన చేన్లలో మంద కట్టించుకునేవాళ్లు. గొర్రెలు పడుకున్న చేనికి ఎరువు, తాతకు గింజలు. నేనూ వస్తానని రెండు రోజులు ఏడ్చి సాధించాను. నేను సీసాతో పాలు పట్టి పెంచిన తెల్లచెవుల గొర్రెపిల్ల కూడా ఆ మందలోనే ఉంది మరి.

కొత్తచెరువు దాటిన మర్నాడు పొద్దున్నే పటం విప్పాను. మామూలుగా తాత రోడ్డు పట్టుకొని నడిచి, ఒక రైతు బావి దగ్గర గొర్రెలకు నీళ్లు పెట్టేవాడు. నాకది తెలివితక్కువ పనిగా తోచింది.

"అంత చుట్టూ తిరిగేదెందుకు తాతా? ఇట్ల అడ్డంగా పోతే చిత్రావతి. ఇంత పొడుగు ఏరు ఉండాది చూడు!" అన్నాను.

తాత ఆ నీలిగీతను కాసేపు చూశాడు. "అట్లనా పాపా? అయితే ఈపొద్దు మంద నీది. నీ కాగితం యాడికి పొమ్మంటే ఆడికే" అన్నాడు. ఎప్పుడూ మా సామాన్లు మోసే గాడిద మీది మూటల్లో ఉండే పారను మాత్రం ఆ పొద్దు తన భుజాన వేసుకున్నాడు. గొర్రెలు కాసే మనిషికి పారెందుకని నవ్వుకున్నాను కూడా.

ఆ నడక ఎంత సంబరమో చెప్పలేను! కాగితం మీది గోధుమరంగు మరక నిజంగానే గుట్టయి ఎదురొచ్చింది! పొదల్లోంచి కౌజుపిట్టలు బుర్రుమని లేచాయి. దూరంగా బీట్లో జింకలు తలలెత్తి మమ్మల్నే చూశాయి. ప్రపంచమంతా నా చేతిలో ఉన్నట్టు మంద ముందు గంతులేస్తూ నడిచాను.

మిట్టమధ్యాహ్నానికి ఏరు చేరాం. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా ఇసుక. చుక్క నీళ్లు లేవు.

ఎండాకాలంలో మా ఏర్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదా? మా ఊరి వంకను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అయినా అచ్చులో నీలంరంగు కనబడేసరికి కళ్లారా చూసినదాన్ని పక్కనపెట్టి కాగితాన్నే నమ్మాను. గొర్రెలు నోళ్లు తెరుచుకొని ఒగరుస్తున్నాయి. వెనక్కి బావి దాకా పోవాలంటే పొద్దు వాలుతుంది. తెల్లచెవుల పిల్ల ముంగాళ్లు మడుచుకొని ఇసుకలో పడిపోయింది. అది చచ్చిపోతుందని, చంపింది నేనేనని ఏడుస్తూ పటాన్ని చింపబోయాను.

తాత చెయ్యి పట్టుకున్నాడు. "దాన్నెందుకు చింపుతావు? ఏరు ఈడ ఉండాదనింది, ఉండాది గదా. నీళ్లు యాడుండాయో అది చెప్పలా, నువ్వు అడగలా."

పిల్లను ఎత్తుకొని ఏటి వంపు దాకా నడిచాడు. అక్కడ ఒకచోట తుంగ పచ్చగా ఉంది. దాని పక్కనే పారతో తవ్వసాగాడు. నేను చేతులతో ఇసుక తోడాను. మోకాటి లోతుకు తడి, నడుము లోతుకు బురద, ఆ తర్వాత నీళ్లు! ఊరుతున్నాయి, తేటపడుతున్నాయి! మొదటి బేసిను నీళ్లు నా పిల్లకే పెట్టాడు. అది తాగి తోక ఆడించేసరికి నాకు మళ్లీ ఏడుపొచ్చింది.

"నీ కాగితంలో ఈ చెలమ ఉండాదా?" అని అడిగాడు.

"లేదు తాతా."

"మరి పెట్టు. పెన్సిలు లేదా నీతావ?"

నీలిగీత వంపులో చుక్క పెట్టాను. ఇక ముదిగుబ్బ దాకా నా చెయ్యి ఆగితే ఒట్టు! తోడేళ్లు తిరిగే గుట్ట, జింకలు మేసే బీడు, అడక్కుండానే మజ్జిగ పోసిన అవ్వ ఇల్లు, అన్నీ పటంలోకి ఎక్కాయి. మంద ఏరు చేరితే పారతో పని పడుతుందని తాతకు పొద్దున్నే తెలుసు. నా తప్పు నాకు కనబడేదాకా పోనిచ్చాడు, అంతకు మించి పోనివ్వలేదు. అంత ఓపిక, పెద్దయ్యాక నా పిల్లల మీద నేను చూపించలేకపోయాను.

మొన్న ఎండాకాలం మనవరాలు నన్ను కారులో ధర్మవరం తీసుకుపోతూ ఫోనులో దారి చూస్తోంది. "అవ్వా, ముందర నది వస్తాండాది!" అంది.

"ఆపు, దిగి చూద్దాం" అన్నాను. వింతగా చూసినా బండి ఆపింది. కింద ఇసుకే. నా కళ్లు మాత్రం వాటంతటవే ఏటి వంపు వైపు పోయాయి. తుంగ పచ్చగా ఉంది! సంచిలోంచి ఆ పాత పటం తీసి, పెన్సిలు మొన సరిగా ఉందో లేదో చూసుకున్నాను.