జహూర్ తెచ్చే ఆకు

1984లో అమీర్‌పేట సందులో ఖుర్షీదా రెండు మేకపిల్లలను సాకేది. భర్త జహూర్ రోజూ సాయంత్రం సైకిల్ మీద సుబాబుల్ కొమ్మలు తెచ్చి వేసేవాడు. అతను చనిపోయాక ఆకు తెచ్చే దిక్కు లేక ఇంట్లో ఉన్న ఎండుగడ్డే వేస్తోంది. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్‌లో ఉన్న ఆమె గడప దాటకూడదు.

నలభయ్యో రోజు జహూర్ పేరిట ఫాతెహా చదివించి వండిన అన్నం మిగిలింది. దాన్ని పారబోయకూడదని మేకపిల్లలకు పెట్టింది. తెల్లారేసరికి వాటి కడుపులు ఉబ్బాయి, పలచగా పారుకుంటున్నాయి.

పక్కింటి దేవవ్వ చూసి కసిరింది. "ఆకు తినేటియి గవి! గింత అన్నం ఎట్ల పెట్టినవ్? అది బంద్ చెయ్యి. జర తినే సోడా నీళ్లల్ల కలిపి తాపు, ఎండుగడ్డే పెట్టు."

ఖుర్షీదా అలాగే చేసింది. డొక్కలు రుద్దుతూ కూర్చుంది. ఇంట్లోంచి జహూర్ జనాజా లేచిన రోజూ ఇలాగే ఏడవకుండా కూర్చుంది. ఏడవని ఆడదాన్ని జనం అదోలా చూస్తారు, చూడనీ.

మర్నాటికి పిల్లలు తేరుకుని నెమరేశాయి. సాయంత్రం సందులో ఎవరిదో సైకిల్ బెల్లు మోగగానే గడప దగ్గరికి ఉరికి అరిచాయి. సైకిల్ ఆగకుండా వెళ్లిపోయింది.

"రాడు," అంది ఖుర్షీదా వాటితో.

ఆ మాట ఆమె అంతవరకూ ఎవరితోనూ అనలేదు.