గృహిణి అని గుండ్రంగా రాశాను

ఒక్క మాటతో నలభై ఇళ్ల ఆడవాళ్లను పనిలోంచి పీకేసిన మొనగాణ్ణి నేను. మా బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడడానికి ఏళ్లు పట్టింది. నాకు మూడు రోజులే పట్టింది, అదీ ఇల్లిల్లూ చాయ్ తాగుతూ. ఆ ఘనకార్యం వింటే మీరు కూడా ఒక తిట్టు కలుపుతారు. కలపండి, మొహమాటం వద్దు.

అప్పటికి నాకు సర్కారు బడిలో పంతులు ఉద్యోగం వచ్చి ఆరు నెలలు. ఇస్త్రీ చొక్కా, జేబుకు రెండు పెన్నులు, నోటినిండా పుస్తకాల తెలుగు. ఇంటింటి లెక్క రాసే డ్యూటీ వేశారు, సరిగ్గా మా వీధికే. మా వీధిలో ఏ గడప చూసినా ఒక ఆడమనిషి, ఆమె ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర, దారపు ఉండ. పొద్దున వంట చేసి బీడీలు చుడతారు, బట్టలుతికి వచ్చి చుడతారు, పిల్లకు పాలిస్తూ కూడా చుడతారు. సాయంత్రానికి కట్టలు కట్టి కార్ఖానాకు ఇచ్చి వస్తారు.

మా అవ్వ లచ్చవ్వ కూడా అంతే. అవ్వ అంటే నాయనమ్మ అనుకునేరు, మా దిక్కు కన్నతల్లినే అలా పిలుస్తాం, తండ్రిని బాపు అంటాం. బాపు పనిచేసే ఫ్యాక్టరీ మూతబడ్డాక మా ఇల్లు ఆ చాట మీదే నడిచింది. నా బీఎడ్ కూడా ఆ చాటలోంచే వచ్చింది. అయినా కాలేజీలో ఎవరైనా "మీ అమ్మ ఏం చేస్తది?" అంటే "ఇంట్లనే ఉంటది" అనేవాణ్ణి. అబద్ధం కాదుగా, ఇంట్లోనే కూర్చుని చేసేది! అంతకుముందు తన తల్లి, అంటే మా ముసలవ్వ గురించి బాపు కూడా అదే మాట అనేవాడు. ఆమె కోడి కూయకముందే ఇసుర్రాయి తిప్పి, పొద్దంతా చెరుకు తోటలో కలుపు తీసి, వచ్చి మళ్లీ పొయ్యి ముట్టించేదట. ఇంట్లనే ఉంటది! రెండు తరాల మగవాళ్లం వంశపారంపర్యంగా కాపాడుకొచ్చిన ఆస్తి ఆ ఒక్క ముక్కే.

ఫారంలో 'పని' అని ఒక గడి ఉంది. మొదటి ఇల్లు మాదే. నాకు ఆ గడిలో బీడీలు అని రాయబుద్ధి కాలేదు. గెజిటెడ్ ఆఫీసర్లు చూస్తారు, పంతులుగారి తల్లి బీడీలు చుట్టడమేమిటి? 'గృహిణి' అని రాశాను. వట్రుసుడి గుండ్రంగా, ముత్యంలా వచ్చింది.

అవ్వ బీడీ ముక్కు మడుస్తూ అడిగింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"గృహిణి అని రాసిన అవ్వా."

"గదేంది?"

"ఇంటి రాణి అన్నట్టు. పెద్ద మర్యాద."

"గా రాణి పని సేస్తదా, సెయ్యదా?"

"సెయ్యాల్సిన అక్కెర ఉండదు."

"మరి గీ బీడీలు ఎవలు సేస్తున్రురా? దయ్యమా?"

"నీకు తెల్వదు, ఊకో అవ్వా. గివి ఆఫీసు రాతలు."

ఊకుంది. ముప్పై ఏళ్లు ఊకున్న మనిషికి ఇంకొకసారి ఊకోవడం ఎంతసేపు?

పక్కిల్లు ఖైరున్ ఖాలాది, ఖాలా అంటే పిన్ని. ఆమె మెషీన్‌లాగా బీడీలు చుడుతుంది, అంతకన్నా వేగంగా మాట్లాడుతుంది.

"నాకేం రాస్తున్నవ్ రే బేటా?"

"గృహిణి, ఖాలా."

"పెద్ద పెద్ద ఆఫీసర్ల బేగంలకు ఏం రాస్తరు?"

"గదే రాస్తరు."

"అరె వా! అయితే నాకు జర పెద్దగ రాయ్!"

పెద్దగా రాశాను. ఆ ఊపులో వీధి వీధంతా రాసేశాను. బడిలో బోర్డు మీద 'ఇంటికి దీపం ఇల్లాలు' అని రోజూ రాసేవాణ్ణే. ఆ దీపంలో నూనె ఎవరు పోస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు, పిల్లలు కూడా అడగలేదు. నేను చెప్పే చదువు అట్లా ఉండేది.

కొన్ని నెలలకు బీడీలు చేసేవాళ్లకు పింఛను ఇస్తారని తెలిసింది. వీధిలో పండగ. కానీ మా వీధిలో ఎవరికీ తమ పేరున పని లెక్క రాసే కార్ఖానా పుస్తకం లేదు, వేరేవాళ్ల పుస్తకం మీద చేసేవారు. అటువంటివాళ్లకు నేను రాసిన లెక్కే దిక్కు. ఆఫీసులో పిలగాడెవరో కంప్యూటర్ నొక్కి చూశాడట. అందరి పేరు పక్కనా గృహిణి, గృహిణి, గృహిణి. "మీరు పనేం చెయ్యరట గద" అని పంపించేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. మా వీధిలో ఆకులు పట్టుకునే చేతులను నేనే కాల్చాను. వీధి ఆడవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమ్రా పంతులూ, బేగం అంటివి, రాణి అంటివి. రాణికి పింఛను లేదంట!" ఖైరున్ ఖాలా చేతిలో కత్తెర ఆడుతోంది. నా కళ్లు ఆ కత్తెర మీదే ఉన్నాయి.

"ఖాలా, నేను మర్యాద కోసమే..."

"నీ మర్యాద అన్నంల కలుపుకొని తినాల్నారా?"

మర్నాడు అవ్వతో కలిసి అందరూ నన్ను వెంటబెట్టుకుని, చాటలతో సహా ఆఫీసుకు పోయి వరండాలో వరసగా కూర్చున్నారు. మాటా పలుకూ లేదు, కత్తెరల చప్పుడే. తంబాకు ఘాటుకు ఆఫీసర్ తుమ్ముకుంటూ బయటికొచ్చాడు.

"ఏమ్మా ఇది? మీరు గృహిణులని మీ పంతులే రాసిండు గదా!"

ఖాలా ఒక బీడీల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. "గది ఆయన చేతిరాత సాబ్. గిది మా చేతిరాత. సద్వుకో."

ఆఫీసర్ ఆ కట్ట పట్టుకునే నా వైపు తిరిగాడు. "తప్పు రాసిన్నని ఒక్కొక్కరికీ కాగితం రాసియ్యి, మారుస్త."

వరండా అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. 'ఈమె పనిచేయదని పొరపాటున రాశాను. ఈమె బీడీ కార్మికురాలు.' ఇరవై అయ్యేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. అవ్వ ఓరగా చూసింది.

"గుంజుతున్నయా బిడ్డా? నాకు ముప్పై ఏండ్ల సంది గుంజుతున్నయ్."

చివరి కాగితం అవ్వది. అన్నిటికన్నా నీటుగా రాసి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అవ్వకు చదువు రాదు.

"దీంట్ల ఏమున్నది?"

"మా అవ్వ బీడీలు చేస్తదని ఉన్నది."

"గిప్పుడు సిగ్గయితలేదా?"

నేను పెన్నులు జేబులో సర్దుకున్నాను. అవ్వ ఆ కాగితంలో మిగిలిన తంబాకు పోసి పొట్లం కట్టి కొంగున ముడేసుకుంది.

"అవ్వా! గది ఆఫీసుల ఇయ్యాలె! పింఛను రాదు!"

"రాకపోనియ్. బీడీలు సేసి సదివిపిస్తి. సదువుకొని, గా బీడీల మాట రాయనీకె సిగ్గుపడితివి. ఊరంతటికి దిద్దు, నాకు దిద్దకు. ఉండనియ్, నీ రాత నీకు కనపడాలె."

"నెలనెలా నేనిస్తనే, పింఛను కన్నా ఎక్కువిస్త!"

"నువ్విచ్చేది నీది కొడుకా. గది నాది. నాది కొట్టేసి నాకు బిచ్చమేస్తవా?"

ముప్పై తొమ్మిది మందికి పింఛను వచ్చింది. అవ్వకు రాలేదు. ఎన్నిసార్లు బతిమాలినా పింఛను దరఖాస్తు మీద వేలిముద్ర వెయ్యలేదు. ఇప్పుడు ఆమె వేళ్లు వంగవు, చాట అటక మీదుంది. ప్రతి నెలా ఖైరున్ ఖాలా పింఛను తెచ్చుకుని మా ఇంటిముందు ఆగి, "లచ్చవ్వా, చాయ్ తాగుదాం పా, నా పైసలే" అని పిలుచుకుపోతుంది. ఆ 'నా' అనే అక్షరాన్ని నాకు వినబడేలా సాగదీస్తుంది.

మొన్న వేసవి సెలవుల్లో మళ్లీ ఎవరో లెక్కలు రాయడానికి వచ్చారు. కొత్త టీచరమ్మ, చేతిలో ట్యాబ్. నేను బనియన్ మీద కూలర్ ముందు పడుకుని ఉన్నాను. నా భార్య సునీత అంగన్‌వాడీ టీచర్, డ్యూటీకి పోతూ పోతూ అన్నం వండి, బిందెలు నింపి, నా చాయ్ ఫ్లాస్కులో పోసి పోయింది. ఆమె పేరు పక్కన 'ఉద్యోగం' అని నొక్కారు. వంటకు, బిందెలకు వేరే గడి లేదట. పాత రోజుల్లో ఒక పని లెక్కలోకి రాలేదు, ఇప్పుడు ఇంకొకటి రావడం లేదు.

"సార్ ఏం చేస్తారు అవ్వా?" అని టీచరమ్మ అడిగింది.

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంట్లనే ఉంటడు. గృహిణి అని రాయి."

"మగవాళ్లకు అది పెట్టరాదు అవ్వా."

"ఎట్ల పెడుతవ్ తియ్యి, గృహిణికి శానా పనుంటది. ఖాళీ అని పెట్టు."

టీచరమ్మ నవ్వు ఆపుకోలేక నొక్కేసింది.

కాబట్టి మహాజనులారా, రెండు పెన్నుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ ఆడమనిషి పేరు పక్కనా, ఆమెను అడగకుండా ఒక్క అక్షరం రాయను. నా పేరు పక్కన మా అవ్వ రాయించిన దాన్ని దిద్దమని ఏ ఆఫీసుకూ పోను.