శుక్రవారం ఫోను

సూర్యకళ గారి గురించి మా లంకలో ఎవరిని అడిగినా మంచావిడ అనే చెబుతారు. ఆ మాట ఆవిడకూ ఇష్టమే. మజ్జిగ తోడు అడిగితే గిన్నె నిండా పోసేది. వరదొస్తే సగం వీధికి వంట వాళ్ళ డాబా మీదే. భర్త చంద్రరావు గారు అరటి రైతు, గెలలు పడవెక్కించి రావులపాలెం మార్కెట్టుకు తోలే మనిషి. ఆయన చేతిలోంచి ఒక పండు ఊడిపడగా ఎవరూ చూడలేదు. ఆ ఇంటికి ఉన్న మంచిపేరంతా ఆవిడ సంపాదించిందే.

మా ఊరు గోదావరి మధ్యలో ఉంది. ఫోను టవరేమో అవతలి గట్టున ఉంది. సిగ్నలు నది దాటి వచ్చేసరికి నీరసపడిపోయి, చంద్రరావు గారి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే నిలబడుతుంది. అక్కడ తప్ప ఊళ్ళో ఇంకెక్కడా వీడియో రాదు. పైగా నెలనెలా రీచార్జ్ వేస్తేనే అది ఫోను, లేకపోతే గూట్లో సబ్బుబిళ్ళ. కూలికెళ్ళే ఇళ్ళల్లో చాలామటుకు సబ్బుబిళ్ళలే.

అలాంటి ఇల్లే ఎజ్రాది. కూతురు మెర్సీ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయింది. ఆమె కూతురు, నాలుగేళ్ళ బ్లెస్సీని తాతే పెంచుతున్నాడు. మెర్సీకి శుక్రవారం సాయంత్రం కాసేపు తీరిక. అప్పుడు సూర్యకళ గారి ఫోనుకు వీడియో కాల్ చేసేది. ఎజ్రా పిల్లకు తల దువ్వి, రిబ్బను కట్టి, బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కేవాడు. ఇంట్లోంచి రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని అతనూ అడగలేదు. పిల్ల తెర మీద అమ్మ బుగ్గ పట్టుకోబోయి ఎర్ర బటన్ నొక్కేసేది. కాల్ కట్టయ్యేది. మెర్సీ నవ్వుకుంటూ మళ్ళీ చేసేది. పక్కన కూర్చున్న సూర్యకళ గారూ నవ్వేది, కొంగుతో కళ్ళు తుడుచుకునేది కూడా.

"డాబా మనది, రీచార్జ్ మనది. కబుర్లు మాత్రం ఊరివా?" అని చంద్రరావు గారు సణిగేవారు.

"పసిపిల్లండీ. మీకు చెప్పినా అర్థం కాదు" అని ఆవిడ ఆయన నోరు మూయించేది.

చీరలావిడ వచ్చేవరకు అంతా ఇలాగే సాగింది. భీమవరంలో ఒకావిడ ఫోనులో లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంది. కొంగు చూడండి, అంచు చూడండి అంటూ ఒక్కొక్కటే విప్పుతుంటే, ముందుగా 'బుక్' అని కొట్టినవాళ్ళదే చీర. శ్రావణం రాగానే ఆ లైవ్ శుక్రవారం సాయంత్రాలకు మారింది. మొదటి వారం మెర్సీ కాల్ అయ్యేసరికి ఆ రోజు డేటా అడుగంటింది. మామిడిచిగురు రంగు చీర తెర మీద సగం విప్పుకుని ఆగిపోయింది. బొమ్మ కదిలేసరికి ఇంకెవరో కొనేశారు. ఆ రాత్రి సూర్యకళ గారికి అన్నం సయించలేదు. నవ్వకండి, ఇలాంటి బాధలు మనకూ ఉన్నాయి.

తరవాతి శుక్రవారం ఎజ్రా పిల్లతో పై మెట్టుదాకా వచ్చాడు. ఆవిడ ఫోను ఒళ్ళో బోర్లించి, "డేటా అయిపోయింది ఎజ్రా. వచ్చేవారం మాట్లాడుదువుగానిలే" అంది.

"పర్లేదండి అమ్మగారు" అని అతను పిల్లను చంకనేసుకుని దిగిపోయాడు. పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇచ్చేసేదాన్ని కదా అని ఆవిడ తరవాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. మెర్సీ రెండుసార్లు చేసింది. ఆవిడ రెండుసార్లూ కట్ చేసింది. నెమలికంఠం రంగు చీర దక్కింది.

చీర పార్సిల్లో వచ్చింది గానీ కట్టుకోబుద్ధి కాలేదు. చిన్న అబద్ధమే, ఎవరికి ఏం నష్టం అని సర్దిచెప్పుకున్నా మనసు కుదుటపడలేదు. వీధిలో ఆ పిల్ల కనిపిస్తే పిలిచి అరటిపండు చేతిలో పెట్టేది. పిల్ల సంతోషంగా తీసుకునేది. దాంతో ఇంకా సిగ్గేసేది.

గురువారం ఆవిడ ఫోనుకు అదనపు డేటా వేసినట్టు మెసేజ్ వచ్చింది. ఈయనకు ఇంత మంచి బుద్ధి ఎప్పుడు పుట్టిందా అనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం ఎజ్రా పెందలాడే వచ్చి ఆ సంగతి చెప్పాడు.

"నేనే వేయించానండి. నిన్న రావులపాలెం వెళ్ళాను. మా వల్ల మీకు ఇబ్బంది అవుతోంది కదండీ."

గోదావరికి వరద ఎర్రనీరు తగిలి, జనాన్ని రేవు దాటించే పంటు ఆపేశారు. అతను ఆ ఉరవడిలో నాటుపడవ మీద వెళ్ళొచ్చాడు. ఆవిడ "అయ్యో, ఎందుకు" అనబోయేలోగా అతనే అందుకున్నాడు.

"అక్కడ నా బటన్ ఫోనుకీ కాస్త వేయించుకుంటే సిగ్నల్ తగిలిందండి. అమ్మాయి చేసింది. దాన్ని వేరే ఇంటికి మారుస్తున్నారంటండి. అక్కడ ఫోను ఉంచుకోనివ్వరంట. పోయినవారమే చెప్పి, పాపను చూసుకుందామనుకుందంట. ఇవాళ బయల్దేరేలోగా కుదిరితే చేస్తానందండి."

సూర్యకళ గారు అప్పటినుంచి ఫోను చేతిలోంచి దించలేదు. ట్యాంకు పక్కన కుర్చీ వేసి, పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. చీరల లైవ్ మొదలైందని తెర మీద పడితే తీసిపారేసింది. సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. దీపాలు పెట్టే వేళ దాటింది. పిల్ల ఆవిడ తొడ మీద తల వాల్చి నిద్రపోయింది. ఫోను మోగలేదు.

"దానికి వీలుపడి ఉండదులెండి. మీరేం చేస్తారు" అని ఎజ్రా లేచి పిల్లను ఎత్తుకున్నాడు.

ఆ ఓదార్పు ఆవిడ భరించలేకపోయింది. "ఎజ్రా, ఆ రోజు డేటా ఉంది. నేను అబద్ధమాడాను. మెర్సీ చేస్తే కట్ చేసింది కూడా నేనే" అనేసింది.

అతను పిల్లను భుజం మీద సర్దుకున్నాడు. "తెలుసండి. మెట్లు దిగుతుంటే చీరలావిడ గొంతు వినపడిందండి."

సూర్యకళ గారు కుర్చీ చెయ్యి పట్టుకుంది. "తెలిసి కూడా నాకెందుకు డేటా వేయించావు?"

"అమ్మాయి ఎప్పుడు చేసినా మీ ఫోనుకే కదండీ చెయ్యాలి" అన్నాడు ఎజ్రా.