ఎద్దు పోయిన ఇంటి రొట్టె

ఈ రోజు పొద్దున తాండూరు పశువుల దవాఖానలో, నాపరాళ్ల బండి లాగే ఎద్దుకు నేనే ప్రాణం తీసే సూది వేశాను. తొడ ఎముక విరిగింది, వేరే దారి లేదు. ఎద్దు యజమాని భీమప్ప ఏడుస్తుంటే నేను చేతులు కడుక్కుని తర్వాతి బర్రెను రమ్మన్నాను. పశువుల డాక్టరు ఏడవకూడదని ఎవరు చెప్పారో గాని, నమ్మేశాను.

మధ్యాహ్నం భీమప్ప భార్య గిన్నె పట్టుకుని వచ్చింది.

"మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే సారు. పక్కింటోళ్లు జొన్నరొట్టెలు తెచ్చి తినిపిచ్చిన్రు. ఎద్దు మీ చేతుల్లనే పాయె గద, మీకెవరు తెస్తరని జర పట్టుకొచ్చిన."

"నేను తిన్ననమ్మా," అన్నాను. తినలేదు.

ఆమె గిన్నె కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు మా ఆవిడ వడ్డించింది గానీ ముద్ద దిగడం లేదు. రేపు ఆ ఇంటికి వెళ్లి ఆకలేస్తోందంటే బాగుంటుందా? మీరే చెప్పండి.