నాన్న దగ్గు

నాన్న పోయిన వారానికి అమ్మ నా ల్యాప్‌టాప్ మూత టప్పున మూసేసి, “ఈయన మీ నాన్నగారు కాదు” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న కోస్తాలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరాక ముగ్గురం తార్నాకలో అద్దెకు దిగాం. ఊపిరితిత్తులు పాడై చర్చి మెట్లెక్కలేని స్థితికి వచ్చినప్పుడు, దేవుడు తనను నడిపించిన తీరు చెప్పుకునే సాక్ష్యం తన ఫోన్‌లో తీయమన్నారు. వెలుతురు కళ్లకు పడటం లేదంటే కర్టెన్లు వేసి, ఆ మసక గదిలోనే తీశాను. చివర్లో ఆయనకు దగ్గు తెర ముంచుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ ఎప్పటిలాగే వేడినీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. నేను ఫోన్ ఆపేశాను.

నాన్న జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడికలో ఆ వీడియో తెర మీద వెయ్యాలన్నది అమ్మ కోరిక. ఆయన చివరి మాటలు సంఘమంతా వినాలట. చర్చి కంప్యూటర్‌లో ఫోన్ ఫైలు తెరుచుకోకపోతే వేరే ఫార్మాట్‌లోకి మార్చి, ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో అమ్మకు చూపించాను. మొదట్లో బాగానే ఉంది. పోనుపోను మాట ముందూ పెదవులు వెనకా అయ్యాయి. చివరికి దగ్గు వినిపిస్తోంది, నాన్న మాత్రం ప్రశాంతంగా మాట్లాడుతూనే ఉన్నారు. అమ్మ మూత వేసింది అక్కడే.

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు మీద చూపించలేని కోపమంతా ఆ ఫైలు మీద చూపించాను.

మర్నాడు క్యాంపస్‌లో ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండే నా జూనియర్ చూసి, “గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? ఆడియో జర వెనక్కి జరుపు, అయిపోతది” అన్నాడు. జరిపాను. చివర కుదిరితే మొదలు చెడింది. మొదలు కుదిరితే చివర చెడింది. చీకట్లో ఫోన్ బొమ్మల్ని ఒకే వేగంతో తియ్యదు. మార్చే సాఫ్ట్‌వేర్ అన్నింటినీ ఒకే వేగం అనుకుని పేర్చేసింది. ఇక లాభం లేదని, నాన్న ఫోన్‌లోని అసలు ఫైలు తీసి, బొమ్మల వేగం ముందే సరిచేసి మళ్లీ మార్చాను. కుదిరిందో లేదో తేల్చుకోవడానికి మాకు ఆ దగ్గే దొరికింది. చెయ్యి లేవడం, దగ్గు రావడం ఒకేసారి జరగాలి. ఎన్నిసార్లు విన్నానో. మా జూనియర్ తల పక్కకు తిప్పుకుని, “ఇగ ఆ దగ్గు కట్ చేద్దామక్కా, వినలేకపోతున్న” అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. “ఏడాదిగా ఈ ఇంట్లో వినపడింది అదేగా. ఉంచు” అంది.

కూడికలో పాట అయ్యాక తెర మీద నాన్న కనిపించారు. మాటకు మాట పెదవి కలిసింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. ముందు వరుసలో నా పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా చూస్తోంది.

నాన్న చెయ్యి లేచింది. దగ్గు వచ్చింది.

అమ్మ లేచింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పుతూ తెర వైపు నడిచింది. వీడియో అయిపోయి తెర తెల్లబడేసరికి దాని ముందు నిలబడిపోయింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

“ఇవి చల్లగా ఉన్నాయే,” అంది అమ్మ.