కొత్త సరంగుకు పెట్టిన వంకలు

నేను చేసిన చెడ్డ బేరాలన్నిటిలోకీ గొప్పది ఇదే. ఇంత చక్కగా చెడగొట్టడం మా ఊళ్ళో మరొకరి వల్ల అయ్యేది కాదు. కావాలనుకున్న సరుకును నా నోటితో నేనే తిట్టి, పంపేవాళ్ళు ఇక పంపకుండా చేసుకున్నాను. అదీ మూడే మూడు ఆదివారాల్లో.

మాది ముదలియార్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టు. సరుకు నచ్చితే ముఖంలో తెలియనివ్వకూడదని మా నాయన మాటలు వచ్చిన నాటి నుంచే నేర్పాడు. ఎంత నచ్చితే అన్ని వంకలు పెట్టాలి. అడుగు పల్చన, అంచు గరుకు, మెరుపు లేదు. అవతలివాడూ కొట్టు మనిషే కాబట్టి వింటూ లోలోపల సంతోషపడతాడు. నాకు పిల్లను చూసి వచ్చిన రోజు మా నాయన పెట్టిన వంకలు విని, లగ్నం దగ్గర్లోనే ఉందని ఇంట్లో అందరికీ అర్థమైపోయింది.

ఎనభైల మొదట్లో పెళ్ళిళ్ళకు అద్దెకివ్వడానికని ఆయన ఒక కలర్ టీవీ, వీడియో డెక్కు కొన్నాడు. ముహూర్తాలు లేని ఆదివారం మధ్యాహ్నాలు అవి కొట్టు మేడ మీద ఊరికే ఉండేవి. మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే అక్కకు ఇంగ్లండులో ఒక కలం స్నేహితురాలు ఉండేది. తొమ్మిదేళ్ళుగా ఉత్తరాలే తప్ప ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. అక్కడి టీవీలో ఏళ్ళ తరబడి నడుస్తున్న ఒక సైన్సు సీరియల్‌ను ఆమె కాసెట్లలోకి ఎక్కించి పార్సెల్ చేసేది. అక్క ఇక్కడి నుంచి స్టాంపులూ ఊదువత్తులూ పంపేది.

నక్షత్రాల మధ్య ఓడ నడిపే ఒక సరంగు కథ అది. ఏదైనా పెద్ద గండం గడిచాక అతని ముఖం మారిపోతుంది, మనిషి మాత్రం అతనే అని మనం అనుకోవాలి. నటుడు మానేసినా సీరియల్ ఆగకుండా వాళ్ళు చేసుకున్న ఏర్పాటు. చూసేది నలుగురం: అక్క, నేను, తట్టాంచావడిలో లేత్ పని చేసే ఒక అన్న, యానాం నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి.

ఒక ఆదివారం పాత సరంగు పోయాడు. గదంతా అదిరేలా నవ్వే మనిషి, చివరిసారి కూడా అలాగే నవ్వి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అక్కడ మెతక గొంతు కుర్రవాడొకడు. నాకు ఒళ్ళు మండింది. కొట్టు ఎత్తేసేవాడు కూడా పాత గిరాకీకి ఒక మాట చెప్పి పోతాడు. ఇన్నేళ్ళు కూర్చోబెట్టి, ఇంకొకడిని చూపించి, ఇతనే అతను అనుకోమంటారా? మేమేమన్నా పిచ్చివాళ్ళమా?

లేత్ అన్న నన్ను చూసి నవ్వాడు. "మిషను అదే, ఆపరేటరు మారినాడు. తయారైన ముక్క కొలతకు వస్తా ఉంటే నీకేంది నొప్పి?"

అమ్మాయి మాత్రం పాతాయన ఉన్నన్నాళ్ళూ ఆయన మాటే చెల్లిందని, ఈయన పక్కవాళ్ళు చెప్పేది వింటున్నాడని అంది. వినడానికి సరంగు ఎందుకు, గుమాస్తా చాలు అన్నాను. ఆ మాట నిజంగా కోపంతోనే అన్నాను.

రెండో వారం ఆ కుర్రవాడు చచ్చిపోతున్న ఒక నావికుడి పక్కన కూర్చున్నాడు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని, ప్రాణం పోయాక కూడా వదలడం మరిచిపోయాడు. అక్కడ నాకు వాడు నచ్చేశాడు. ఆ కాసెట్టు ఒక వారం నా దగ్గర ఉండాలి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ చూసుకోవాలి అనిపించింది. అయితే చూడగానే కాసెట్టు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోవడం అక్క అలవాటు.

ఇక మా ఇంటి విద్య బయటికి తీశాను. హ్యాంగరుకు తగిలించిన చొక్కాలా ఉన్నాడన్నాను. ఓడ కాదు, వీడి చేతికి సైకిలిచ్చినా గోడకు గుద్దుతాడన్నాను. మూడో వారం ఇంకా పెంచి, ఇలాంటివాడిని ఎంచినవాళ్ళకూ, మెచ్చుకుని ఎక్కించి పంపేవాళ్ళకూ కళ్ళు లేవన్నాను. చివర్లో, ఈ దరిద్రాన్ని వానలో మోసుకుపోవడమెందుకు, ఇక్కడే పడేసిపో అన్నాను. అక్క ఎప్పట్లాగే కాసెట్టు సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

అక్క కొట్టు ఇంటి బిడ్డ కాదు. వాళ్ళ నాన్న బడిపంతులు. ఆ ఇంట్లో బాగుందంటే బాగుందనే, లేదంటే లేదనే. మేడ మీద ఎవరెవరు ఏమన్నారో ఆమె ప్రతి వారం తప్పుల్లేకుండా టైపు చేసి స్నేహితురాలికి పంపేదట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

రెండు నెలలకు పార్సెల్ బదులు ఉత్తరం వచ్చింది. అక్క మేడ మీద మాకు చదివి చెప్పింది. ఇన్నేళ్ళలో తన మనసుకు నచ్చిన సరంగు ఇతనొక్కడేనని, అందుకే అంత శ్రద్ధగా ఎక్కించానని ఆమె రాసింది. నీకు కళ్ళు లేవన్న మాట తన ఇంట్లోవాళ్ళు రోజూ అనేదేనని, అంత దూరం నుంచి కూడా వినలేనని, ఇక కాసెట్లు పంపనని రాసింది. అందులో కఠినమైన మాట ఒక్కటీ లేదు. నాకు మాత్రం అందరి మీదా కోపం వచ్చింది.

"నిన్నెవరు రాయమన్నారక్కా?"

"నువ్వు చెప్పిందే కదా రాసినాను. ఒక మాట కూడా కలపలేదే."

"అది బేరమక్కా. కాసెట్టు నా కాడ పెట్టుకోవాలని అట్లా అంటిని. వాడు నాకు నచ్చినాడు."

అక్క ఉత్తరం మడిచింది. "అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. అడిగేదానికి నీకేంది కష్టం?"

"అడిగితే కొట్టు పరువు యాడ నిలస్తాది అక్కా?" అన్నాడు లేత్ అన్న. అమ్మాయి తల వంచుకుంది.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి, క్షమించమని రాయించాను. నేను చెబుతుంటే అక్క ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసింది. కొత్త సరంగు కొంచెం నచ్చాడని చెప్పాను. ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"నచ్చినాడా, కొంచెం నచ్చినాడా? ఒకటి చెప్పు."

ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అక్కడే. అంత జరిగాక కూడా నోరు రాలేదు. "కొంచెమనే కొట్టక్కా" అన్నాను. ఆమె అలాగే కొట్టింది. జవాబు రాలేదు. ఆ పైన అక్క సొంతంగా రాసిన రెండింటికీ రాలేదు.

ఎంత పోయిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు పోయింది ఒక సీరియల్. లేత్ అన్నకూ, యానాం అమ్మాయికీ పోయింది ఆదివారం మధ్యాహ్నాలు. అక్కకు పోయింది తొమ్మిదేళ్ళ మనిషి. వీటిలో అన్నిటికంటే పెద్దది నాది కాదు. అయినా అన్నీ నా పేరు మీదే.